నిర్వైర్ రెండు చావులు

మా అన్న హజారా సింగ్ పెద్దకొడుకు నిర్వైర్ మంచివాడని నేను చెప్పను. తల్లి పోయాక వాడిని ఒళ్ళో వేసుకుని పెంచిన మేనత్తను నేనే. అయినా చెప్పను. వాడు మనుషుల్ని చంపాడు. వాళ్ళలో కొందరు వాడికి ఏ అపకారమూ చేయనివాళ్ళు. కానీ వాడు ఎలా చచ్చాడన్నది మా ఊళ్ళో ఒక్కొక్కరు ఒక్కో రకంగా చెప్పుకుంటారు. ఒకడు వీరుడంటాడు, ఒకడు దొంగంటాడు, ఇంకొకడు సరిహద్దు దాటి ఇప్పటికీ బతికే ఉన్నాడంటాడు. అందరూ నోటికొచ్చింది వాగుతున్నారు. చూసినదాన్ని నేనుండగా వాళ్ళ వాగుడు ఎందుకు?

వాడు పుట్టినప్పుడు గురుద్వారాలో గ్రంథం తెరిస్తే పేజీ మొదట్లో 'న' అక్షరం వచ్చింది. గ్రంథం చదివే గ్రంథి దాంతో నిర్వైర్ అని పెట్టాడు. వైరం లేనివాడని అర్థం. మా వదిన రెండోవాడు అజాయబ్‌ని కని, ఆ నెలలోనే కన్నుమూసింది. అప్పటికే నేను మొగుడు పోయి పుట్టింటికి వచ్చేశాను. మా ఇల్లు ఊళ్ళో కాదు, పొలాల మధ్య, బోరుబావి పక్కన. ఇద్దరు పిల్లలు, నాలుగు గేదెలు, సైన్యంలో, పల్టన్లో పనిచేసి వచ్చిన అన్న. ఆయన ఇంటిని కూడా పల్టన్‌లాగే నడిపేవాడు. అన్నానికి పిలిచేలోపు కాళ్ళు కడుక్కోకపోతే ఆ పూట పస్తే.

నిర్వైర్‌కి రెండే పిచ్చులు ఉండేవి. ఒకటి కబడ్డీ, రెండోది తలపాగా. పొద్దున్నే తడి గుడ్డ ఒక కొస తమ్ముడి చేతికిచ్చి, రెండో కొస తను పట్టుకుని లాగి మడతలు పెట్టేవాడు. అజాయబ్‌ కొంచెం వదులు చేస్తే చాలు, "తిండి తినలేదట్రా? గట్టిగా పట్టు, ఆడపిల్లలా వణుకుతావేం" అని ఏడిపించేవాడు. మడత సరిపోలేదని రెండుసార్లు కట్టి విప్పేవాడు. నేను తిడుతుంటే, "అత్తా, నువ్వు ముసలిదానివయ్యావు, నీకు అందం ఏం తెలుస్తుంది" అనేవాడు. అప్పటికి నాకు ముప్ఫై ఏళ్ళు కూడా లేవు, గాడిద.

మా బంగారు గుడి, దర్బార్ సాహిబ్ మీదికి సైన్యం వచ్చిన వేసవిలో వాడు అక్కడే ఉన్నాడు. యుద్ధానికి కాదు, గురువు పేర జరిగే గురుపర్వానికి ఎండలో వచ్చేవాళ్ళకి చల్లని పాలనీళ్ళు పోయడానికి ఊరి కుర్రాళ్ళతో వెళ్ళాడు. వెళ్ళినవాళ్ళలో సగం మంది తిరిగి రాలేదు. వాడు వచ్చాడు, వచ్చి మూడు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. మాట్లాడేలోపే పోలీసులు ఎత్తుకుపోయారు. అక్కడ ఎవరెవరు ఉన్నారో పేర్లు చెప్పమన్నారు. వాడికి తెలిసింది పాలల్లో ఎంత పంచదార వేయాలో, అంతే. తొడల మీద రోకలి దొర్లించి, దాని మీద ఇద్దరు పోలీసులు ఎక్కి నిలబడ్డారు. ఆ ఇద్దరిలో ఒకడు బచిత్తర్ సింగ్ అనే హవల్దారు. వాడూ మావాడే, మా జాట్ రైతుల ఇంటి బిడ్డే. ఆ పేరు నిర్వైర్ ఇంటికొచ్చిన రోజే నాకు చెప్పాడు. ఆ తర్వాత వాడు మామూలుగా నడవలేదు. కాళ్ళు ఎడం చేసి, నడుము ఒక పక్కకి విసురుతూ నడిచేవాడు. కబడ్డీ పోయింది.

పెళ్ళి చేస్తే కుదురుకుంటాడనుకున్నాడు మా అన్న. మల్కీత్‌ని తెచ్చాం. పొడుగు పిల్ల, పనిమంతురాలు, నవ్వితే ఆపుకోలేదు. ఏడాది తిరిగేసరికి కూతురు పుట్టింది, గుడ్డో అని పిలిచేవాళ్ళం. నిజంగానే కుదురుకున్నాడని అనుకుంటుండగా ఒక సాయంత్రం మోటారుసైకిల్ మీద ఇద్దరు వచ్చి బోరు దగ్గర కూర్చుని వాడితో గుసగుసలాడారు. వాళ్ళు వెళ్ళాక మా అన్న వాడిని నిలదీశాడు.

"మళ్ళీ ఆ వెధవలు గడప తొక్కితే కాళ్ళు విరగ్గొడతాను."

"నా కాళ్ళు ఎప్పుడో విరగ్గొట్టారు కదా బాపూ. నీ సర్కారు వాళ్ళే."

"నేను ఆ సర్కారు ఉప్పు తిన్నాను. దాని కోసం తూటా తిన్నాను."

"తిన్నావుగా. మరి నన్ను రోకలి కింద పెట్టినప్పుడు నీ పతకాలు తీసుకుని ఠాణాకి పోయావుగా. ఏమన్నారు? బయట బల్ల మీద కూర్చోబెట్టారు."

మా అన్న వాడి చెంప పగలగొట్టాడు. తలపాగా ఊడి నేల మీద పడింది. మా వాళ్ళలో అంతకన్నా పెద్ద అవమానం లేదు. వాడు దాన్ని ఎత్తుకుని, దుమ్ము దులిపి, చంకలో పెట్టుకుని, చెరకు తోటలోకి నడుచుకుంటూ వెళ్ళిపోయాడు. మల్కీత్ వాకిట్లో చంటిపిల్లతో నిలబడింది. ఆమెతో ఒక్క మాట కూడా చెప్పలేదు.

ఆ మోటారుసైకిల్ వాళ్ళతో కలిసి తుపాకి పట్టాక వాడు చేసినవి చెప్పాలి. ఊళ్ళలో పెళ్ళిళ్ళకి పదకొండు మందికి మించి రాకూడదని చీటీలు అంటించాడు. బ్రాందీ షాపు వాడిని కాల్చాడు. ఇన్‌ఫార్మరని ఒక పంచాయతీ మెంబర్ని కన్నకూతురి ఎదుట చంపాడు. తర్వాత ఇటుక బట్టీ. బీహారు నుంచి వచ్చిన కూలీల్ని, మేం భయ్యాలు అంటాం, వరసగా నిలబెట్టి కాల్చారు. వాళ్ళలో రామ్‌సరన్ ఉన్నాడు. మా పొలంలో కాలవ తవ్వినవాడు. గుడ్డో పుట్టినప్పుడు తన ఊరి పద్ధతిలో పిల్లకి నల్లదారం కట్టినవాడు. ఆ వారంలోనే నిర్వైర్ ఒక మధ్యాహ్నం తోటలోంచి వచ్చి ఆకుకూర, మొక్కజొన్న రొట్టె అడిగి తిన్నాడు. వెన్న కూడా అడిగి వేయించుకున్నాడు.

"రామ్‌సరన్ ఏం చేశాడ్రా నిన్ను?" అని అడిగాను.

"ఆర్డర్ అత్తా."

"ఎవడి ఆర్డర్?"

"అది నీకెందుకు. ఇంకో రొట్టె వెయ్."

రొట్టె వేయలేదు. వాడు లేచి వెళ్ళిపోయాడు. ఆ రోజు నాకు వాడంటే అసహ్యం వేసింది. ఇప్పటికీ ఆ అసహ్యం పోలేదు. వాడి మీద ప్రేమ కూడా పోలేదు, అదే నా ఖర్మ.

వాడు పారిపోతే దెబ్బలు తిన్నది ఇంట్లోవాళ్ళు. ఎక్కడ కాల్పులు జరిగినా జీపు మా ఇంటికే వచ్చేది. అజాయబ్‌ని తీసుకెళ్ళి బొటనవేలి గోళ్ళు పీకారు. మా అన్నని, ఆ పల్టన్ మనిషిని, గడ్డం పట్టుకుని ఊరి బజార్లో తిప్పారు. నాలుగేళ్ళు అలా నడిచింది. అప్పటికి బచిత్తర్ సింగ్ మా ఠాణాకి ఠాణేదారుగా వచ్చి కూర్చున్నాడు.

ఒక రోజు ఆయనే జీపులో వచ్చి, మా అన్న ముందు ఒక ఇనుప కడియం పడేశాడు. "కాలవ గట్టు మీద ఎన్‌కౌంటర్. మీవాడు పోయాడు. శవం మేమే తగలబెట్టాం. ఇది చూసి చెప్పు, వాడిదేనా?"

ఇనుప కడియం. మా జిల్లాలో ప్రతి మగాడి చేతికీ అలాంటిదే ఉంటుంది. మా అన్న దాన్ని చేతిలో తిప్పి తిప్పి చూశాడు. ఏ పిల్లాడిని కాల్చి వీడి పేరు పెట్టారో ఆయనకీ తెలియదు, నాకూ తెలియదు. అజాయబ్‌ కట్టు కట్టిన చేతుల్తో గుమ్మంలో నిలబడి ఉన్నాడు. మా అన్న వాడి వైపు చూసి, "మావాడిదే" అన్నాడు. ఠాణేదారు నవ్వుతూ వెళ్ళాడు. ఆ ఎన్‌కౌంటర్‌కి ఆయన భుజం మీద ఇంకో చుక్క వచ్చింది. జీపు మా వాకిట్లోకి రావడం మానేసింది.

గ్రంథం మొత్తం చదివించి, చివరి ప్రార్థన చేసి, ఊరందరికీ భోజనం పెట్టి భోగ్ జరిపాం. మల్కీత్‌కి తెల్లబట్టలు కట్టారు. ఆరు నెలలు గడిచాక మా అన్న నిర్ణయం చెప్పాడు. పాతికేళ్ళ పిల్ల, చిన్న కూతురు, భూమి బయటికి పోకూడదు. అజాయబ్‌, మల్కీత్‌ల మీద ఒకే దుప్పటి కప్పి, గ్రంథి చేత ప్రార్థన చేయించి, భార్యాభర్తల్ని చేశాడు. మా వైపు మరిదికి ఇవ్వడం మామూలే. అజాయబ్‌ తండ్రి చెప్పినట్టే వచ్చి కూర్చున్నాడు. మల్కీత్ నన్ను పట్టుకుని, "వీడికి నేను తలంటి పోశాను అత్తా. వీడితో ఎలా?" అని ఏడ్చింది. తర్వాత తర్వాత అలవాటు పడింది. అజాయబ్‌ మంచివాడు, ఆమె దగ్గర గొంతెత్తేవాడు కాదు. గుడ్డో వాడినే నాన్న అని పిలవడం మొదలుపెట్టింది. మల్కీత్ మళ్ళీ నవ్వడం మొదలుపెట్టింది, కడుపుతో కూడా ఉంది.

అప్పుడు వచ్చాడు.

నేనూ మల్కీత్ పిడకలు కొడుతున్నాం, పొద్దున పూట. ఆవాల చేలోంచి ఒక మనిషి వస్తున్నాడు. గడ్డం లేదు, జుట్టు కత్తిరించి ఉంది, ఎముకల గూడులా ఉన్నాడు. ఎవరో భయ్యా పని కోసం వస్తున్నాడనుకున్నాను. ఆ నడక చూసి నా చేతిలో పేడ జారిపోయింది. ఏడాదిన్నర సరిహద్దు అవతల ఉన్నాడట. అక్కడివాళ్ళు కూడా తరిమేస్తే, ముళ్ళకంచె దాటి వచ్చాడట. తన పేరున భోగ్ జరిగిన సంగతి వాడికి తెలియదు.

నేను వాడి గాయాలు చూడలేదు. చావనైనా చస్తాం కానీ జుట్టు తీయని వాళ్ళం మేం, పాగా లేని ఆ తల చూసి ఛాతీ కొట్టుకున్నాను. "జుట్టు తీయించుకున్నావా, నీ ముఖం మండ!"

"తల మిగిలింది కదా అత్తా, దానికి సంతోషించు." అని వాడు మల్కీత్ వైపు తిరిగాడు. ఆమె రెండు చేతులకీ పేడ. కళ్ళార్పకుండా వాడిని చూస్తోంది. వాడి చూపు ఆమె కడుపు దగ్గర ఆగింది. తను పోయి ఎంత కాలమైందో లెక్క వేసుకోవడం వాడి ముఖంలో కనిపించింది. ఇంతలో అజాయబ్‌ లోపలినుంచి వచ్చాడు. అన్నని చూసి తెల్లబోయి, రెండడుగులు వేసి, మల్కీత్‌కి అడ్డంగా నిలబడ్డాడు. కావాలని కాదు, కాళ్ళు అలా నిలబెట్టాయి. ఎవరూ ఏమీ చెప్పక్కర్లేకపోయింది.

నిర్వైర్ నవ్వాడు. "బాగుంది. నేను చచ్చి అందరికీ మేలు చేశానన్నమాట."

మా అన్న పొలం నుంచి వచ్చి, కొడుకుని చూసి, మంచం మీద కూలబడ్డాడు. వాడిని కౌగలించుకోలేదు. గడ్డం నిమురుకుంటూ అడిగాడు.

"లొంగిపోతానంటావా?"

"లొంగిపోదామనే వచ్చాను బాపూ. అలిసిపోయాను."

"ఎవరికి లొంగుతావు? నిన్ను చంపినందుకు బచిత్తర్ భుజం మీద చుక్క పెట్టారు. నువ్వు బతికున్నావంటే వాడి చుక్క పోతుంది. వాడు పోనిస్తాడా? నిన్ను చంపుతాడు, దాచామని అజాయబ్‌నీ చంపుతాడు."

"మరి ఏం చేయమంటావు?"

"జుట్టు ఎలాగూ తీసేశావు. భయ్యాలా ఉండు. గేదెల పాకలో పడుకో. ఈ గొడవలన్నీ సద్దుమణిగాక ఎటో దూరం పంపిస్తాను." ఆగి, గొంతు మార్చి అన్నాడు. "ఇంకోటి. మల్కీత్ ఇప్పుడు అజాయబ్ భార్య. నువ్వు ఆమెకి బావగారివి. ఆ మర్యాద ఈ ఇంట్లో ఉండాలి."

ఇటుక బట్టీలో భయ్యాల్ని నిలబెట్టి కాల్చినవాడు భయ్యాగా మారాడు. లుంగీ కట్టాడు, మునేశర్ అని పేరు పెట్టుకున్నాడు, వాళ్ళ యాస పట్టుకున్నాడు. రామ్‌సరన్ దగ్గరే నేర్చుకున్న యాస అది. దేవుడికి కొంచెం కూడా సిగ్గు లేదనిపించింది నాకు.

మా అన్న చెప్పిన మర్యాద ఏమిటంటే ముసుగు. కోడలు మామగారి ముందు, బావగారి ముందు ముఖం కనపడకుండా ఓణీని ఛాతీ దాకా లాక్కోవాలి. నేరుగా మాట్లాడకూడదు. ఇవ్వాల్సినది దూరంగా నేల మీద పెట్టి, పక్కకి తిరిగి నిలబడాలి. మరిది ముందు ఇవేవీ ఉండవు. మల్కీత్‌కి ఇన్నాళ్ళూ ముసుగు మామగారి ముందే. నిర్వైర్ ఆమె మొగుడిగా ఉన్నవాడు, వాడి ముందు ముఖం దాచుకోవడం ఆమెకి ఎలా వస్తుంది? మొదటిరోజు పళ్ళెం తీసుకుని పాకలోకి మామూలుగా వెళ్ళింది. మా అన్న వెనకే వెళ్ళి, పళ్ళెం లాక్కుని, పప్పూ రొట్టెలూ పేడలో విసిరేశాడు. "ముసుగు ఏది?"

రెండో పూటా మరిచిపోయింది. మళ్ళీ పేడలో వేశాడు. ఆ రోజంతా నిర్వైర్‌కి తిండి లేదు. తర్వాతి నుంచి మల్కీత్ పాక వైపు అడుగు వేస్తూనే చేత్తో ఓణీ లాక్కునేది. మరిచిపోతే వాడికి పస్తు, అది ఆమెకి తెలుసు. మా అన్న వారాల తరబడి ఆ పాక గుమ్మంలో కాపలా ఉన్నాడు. అజాయబ్‌ ఒక్కసారి అడ్డుపడ్డాడు.

"బాపూ, వదిలెయ్. మన నలుగురమే కదా ఉన్నది."

"నలుగురి ముందు తప్పినది నలభై మంది ముందూ తప్పుతుంది."

"పోనీ నేను పోతాను. ఎక్కడికైనా పోతాను. వాడి భార్యని వాడికిచ్చెయ్."

"నోర్ముయ్. ఆమె కడుపులో ఉన్నది ఎవరిది?"

అజాయబ్‌ పార తీసుకుని పొలంలోకి వెళ్ళిపోయాడు. నిర్వైర్ మాత్రం నాతో హాస్యాలాడేవాడు. గేదెలకి మేత కోస్తూ, "అత్తా, పెళ్ళైన కొత్తలో దీపం ఆర్పకపోతే ఇది ముఖం చూపించేది కాదు. ఇప్పుడు చీకట్లో కూడా చూపించదు" అని నవ్వేవాడు. ఒకరోజు గుడ్డో కర్ర పట్టుకుని వచ్చి, "ఏయ్ భయ్యా, నా బొమ్మ బండికి తాడు కట్టు" అని వాడి వీపు మీద ఒకటి వేసింది. ఊళ్ళో పిల్లలు కూలీల్ని అలాగే కొడతారు, చూసి నేర్చుకుంది. యజమానితో మాట్లాడినట్టు "అలాగే మాలిక్" అని వాడు తాడు కట్టాడు. పిల్ల వెళ్ళిపోయాక కొడవలి పక్కన పెట్టి, ముఖం మేతలో దాచుకుని ఏడ్చాడు. రామ్‌సరన్ ఇంట్లోవాళ్ళు కూడా ఇలాగే ఏడ్చి ఉంటారని అనబోయాను. అనలేదు.

చలి తగ్గే రోజుల్లో చెరకు కొట్టి బెల్లం వండటం మొదలుపెట్టాం. నడిస్తే ఎవరైనా గుర్తుపడతారని నిర్వైర్‌ని పొయ్యి గుంటలో కూర్చోబెట్టాను. ఎండిన పిప్పి పొయ్యిలోకి తోస్తూ కూర్చోవడమే పని, లేవక్కర్లేదు. ముఖమంతా మసి. బెల్లం వండే చోటికి అందరూ కొనుక్కోవడానికి వచ్చేవాళ్ళు, ఎవరూ పొయ్యి గుంట వైపు చూసేవాళ్ళు కాదు. కూలీ ముఖం ఎవరు చూస్తారు?

ఒక మధ్యాహ్నం బచిత్తర్ సింగ్ జీపు దిగాడు. వేటకి కాదు, వేడి బెల్లం కోసం. వెంట నలుగురు పోలీసులు. మా అన్న కాలవ నీటి వంతు చూసుకోవడానికి పొలంలోకి వెళ్ళి ఉన్నాడు. అజాయబ్‌ పెనం దగ్గర పాకం కలుపుతున్నాడు. నేను మంచం వాల్చాను. ఠాణేదారు పాగా సర్దుకుని కాళ్ళు చాపుకున్నాడు.

"ఏమ్మా, బాగున్నారా? ఇప్పుడు మీ ఇంట్లో శాంతి. అంతా నా పుణ్యమే."

"తమరి దయ" అన్నాను.

"ఏయ్ భయ్యా! పేరేంట్రా?"

"మునేశర్ మాలిక్."

"ఏ ఊరు?"

"మోతీహారీ వైపు మాలిక్. చాలా దూరం."

"ఆ మంట దగ్గర కాలిపోతున్నావుగా. చలికాలం నీకే మజా." పోలీసులు నవ్వారు. నిర్వైర్ కూడా పళ్ళు బయటపెట్టి నవ్వాడు. గండం గడిచిందనుకున్నాను.

అప్పుడు మల్కీత్ చాయి తెచ్చింది. తల మీద ఓణీ ఉంది, ముఖం తెరిచే ఉంది. మామగారు లేడు, పోలీసులు పరాయివాళ్ళు, వాళ్ళ ముందు ముసుగు ఎవరూ వేయరు. ఠాణేదారుకి గ్లాసు ఇచ్చింది. "పంచదార సరిపోయిందా చూడండి" అని కూడా అంది. ఎంత ధైర్యమమ్మా అనుకున్నాను.

"ఆ భయ్యాకి కూడా ఒకటి పొయ్యమ్మా, పాపం" అన్నాడు ఠాణేదారు.

ఆమె గ్లాసు నింపి గుంట వైపు తిరిగింది. నిర్వైర్ తల ఎత్తాడు. ఆమె చెయ్యి దానంతట అదే లేచి, ఓణీని ముఖం మీంచి ఛాతీ దాకా లాగేసింది. రెండు బారల దూరంలో గ్లాసు నేల మీద పెట్టి, పక్కకి తిరిగి, తల వంచుకుని నిలబడింది. పాక గుమ్మంలో రోజూ నిలబడినట్టే.

ఠాణేదారు గ్లాసు నోటి దాకా వెళ్ళి ఆగిపోయింది. ఆయనా మావాడే కదా, ఆయన ఇంట్లోనూ మరదలు ఉంది.

"మా తమ్ముడి పెళ్ళాం నాకు అచ్చం ఇలాగే పెడుతుంది చాయి" అన్నాడు నెమ్మదిగా. "కూలివాడి ముందు ముసుగేంటి తల్లీ?"

మల్కీత్ ముసుగులోపల ఏం జరిగిందో నాకు కనపడలేదు. ఓణీ అంచు మాత్రం ఇంకా చేత్తో పట్టుకునే ఉంది.

"లేవరా భయ్యా. లేచి ఈ గ్లాసు పట్టుకుని నా దగ్గరికి రా."

నిర్వైర్ లేచాడు. గ్లాసు తీసుకున్నాడు. కాళ్ళు ఎడం చేసి, నడుము విసురుతూ నడిచాడు. ఠాణేదారు ముఖం విచ్చుకుంది.

"ఇది నా రోకలి పనే. నా చేతిపని నేను గుర్తుపట్టనా? చచ్చినవాడు బెల్లం వండుతున్నాడురా!"

పోలీసులు తుపాకులు ఎత్తారు. అప్పుడే మా అన్న గట్టు మీద నుంచి పార భుజాన వేసుకుని వచ్చాడు. ఒక్క చూపులో అంతా అర్థమైంది ఆయనకి. ఠాణేదారు లేవను కూడా లేవలేదు.

"రా హజారా సింగ్. ఒక్క మాట అడుగుతాను, చెప్పు. వీడు నీ కొడుకైతే, నువ్వు నన్ను మోసం చేశావు. నీ రెండోవాడిని కూడా జీపెక్కించాలి. నీ కొడుకు కాకపోతే, ఎవడో భయ్యా. ఒక భయ్యా కనపడకపోతే ఎవడూ అడగడు. వీడెవడు?"

మా అన్న నిర్వైర్‌ని చూడలేదు. అజాయబ్‌ని చూశాడు, మల్కీత్ కడుపు చూశాడు.

"భయ్యా" అన్నాడు. "పనికొచ్చాడు. నాకు తెలియదు."

"మా నిర్వైర్ వాడు!" అని నేను అరిచాను. "నీ కళ్ళు పోను, కన్నకొడుకుని కాదంటావా!" పరిగెత్తి వాడి చెయ్యి పట్టుకున్నాను.

మా అన్న వచ్చి నా వేళ్ళు ఒక్కొక్కటీ విడదీశాడు. "మా చెల్లెలికి మతి చెడింది సాబ్. మేనల్లుడు పోయినప్పటినుంచి ఇంతే, ఎవర్ని చూసినా వాడే అంటుంది."

నిర్వైర్ నన్ను చూశాడు. "అవును మాలిక్" అన్నాడు ఠాణేదారుతో, భయ్యా యాసలోనే. "ముసలమ్మకి మతి లేదు. నేను మునేశర్‌ని." తమ్ముడిని బతికించడానికి వాడు చేసిన ఒకే ఒక మంచి పని అది. దానికి కూడా సొంత పేరు లేకుండా పోయింది.

చేతులు వెనక్కి విరిచి కట్టారు. జీపు ఎక్కిస్తుంటే గుడ్డో ఆడుకుంటున్నది ఆపి పరిగెత్తుకొచ్చింది. "భయ్యాని ఎక్కడికి తీసుకెళ్తున్నారు? మంట ఎవరు వేస్తారు? బెల్లం పాడైపోతుంది!"

"పాడవదులే మాలిక్" అన్నాడు వాడు. జీపు వెళ్ళిపోయింది.

పాకం పాడవలేదు. మా అన్న గుంటలోకి దిగి పిప్పి తోశాడు. అజాయబ్‌ కళ్ళ నీళ్ళు కారుతుంటే కలుపుతూనే ఉన్నాడు. ఎవరైనా వస్తే అనుమానం రాకూడదుగా. సాయంత్రానికి దిమ్మలు కూడా పోశారు.

గుర్తు తెలియని తీవ్రవాది ఎదురుకాల్పుల్లో మరణించాడని మర్నాడు పేపర్లో పడింది. బూడిదైనా తెచ్చుకుందామని అంటే మా అన్న, "ఎవరి బూడిద? వాడికి భోగ్ ఎప్పుడో అయిపోయింది" అన్నాడు. ఒకే మనిషిని రెండుసార్లు చంపి బచిత్తర్ రెండుసార్లు మెప్పు పొందాడు.

ఆ వారమంతా మా అన్న మల్కీత్‌ని తిడుతూనే ఉన్నాడు. వెళ్తూ వస్తూ, "నీ చెయ్యి పడిపోను, కొడుకుని తినేశావు" అనేవాడు. ఆమె పని చేసుకుంటూ ఉండేది. నాకు ఓపిక పోయింది.

"ఆ చెయ్యికి చదువు చెప్పింది నువ్వు" అన్నాను. "పళ్ళెం పేడలో విసిరేసి మరీ చెప్పావు. అది ఏం నేర్చుకుందో అదే చేసింది. తిట్టాలంటే నిన్ను నువ్వు తిట్టుకో."

ఆయన నా మీదికి చెయ్యెత్తి, దింపేశాడు. ఆ తర్వాత తిట్టలేదు.

కొన్నాళ్ళకి ఒక పూట మల్కీత్ ఆయనకి రొట్టెలు తెచ్చింది. ముసుగు ఛాతీ దాకా ఉంది. పళ్ళెం దూరంగా పెట్టి పక్కకి తిరిగింది. మా అన్న పళ్ళెం ముట్టుకోలేదు.

"మల్కీత్" అన్నాడు. పేరుతో ఎప్పుడూ పిలవనివాడు. "తీసెయ్ తల్లీ ఆ ముసుగు. ఇంక ఈ ఇంట్లో ఎవరి ముందూ అక్కర్లేదు. నా ముందు కూడా."

మామగారితో కోడలు మాట్లాడకూడదు. పెళ్ళై ఇన్నేళ్ళకి ఆమె మొదటిసారి ఆయనతో నేరుగా మాట్లాడింది.

"తీస్తే నా ముఖం కనపడుతుంది బాపూ. చూడగలవా?"

ఆమె పక్కకి తిరిగి అలాగే నిలబడింది. ఆయన పళ్ళెం దగ్గరికి లాక్కుని, తల వంచుకుని రొట్టె తిన్నాడు.